బీరువాకి మురుగు కాలవ ఏది?

మొన్న శ్రావణంలో ఆలమూరులో ఒక పెళ్లికి వెళ్తే, వచ్చేటప్పుడు బొట్టు పెట్టి చీర చేతిలో పెట్టారు. ఆకుపచ్చ మీద బంగారు రంగు చుక్కలు. ఇంటికొచ్చి మడత విప్పితే లోపల గుండుసూదితో గుచ్చిన చీటీ కనబడింది. దాని మీద బాల్ పెన్నుతో 'వేమగిరి పిన్ని' అని ఉంది. రాసింది నేనే. నాలుగేళ్ల కిందట మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ద్వారపూడి వెళ్లి ఒకేసారి నలభై చీరలు తెచ్చి, ఎవరిది ఏదో కలిసిపోకుండా ఇలా చీటీలు గుచ్చాను. అంటే పిన్ని ఆ మడత విప్పనే లేదు. పిన్ని చేతి నుంచి ఎటు తిరిగి ఆలమూరు చేరిందో గానీ, మధ్యలో ఎవరూ విప్పలేదు. నాలుగేళ్లు ఊళ్లు తిరిగి, ఒక్కరి ఒంటి మీదకీ ఎక్కకుండా మండపేటలో మా ఇంటికే తిరిగొచ్చేసింది.

బట్టలు తగ్గించుకోవడం గురించి ఈమధ్య చాలామంది చెబుతున్నారు. నేనూ రెండేళ్లుగా ఆ పనిలోనే ఉన్నాను. చెప్పేవాళ్లందరి సలహాలూ పాటించాక అర్థమైంది ఏంటంటే, వాటి వెనక ఒక నమ్మకం ఉంది: బీరువాలో ఉన్నవన్నీ మనం కొన్నవేనని. కొనడం మానేస్తే చాలు, బీరువా తగ్గుతుందని. మా వైపు ఇళ్లలో ఆ లెక్క కుదరదు. ఎందుకు కుదరదో తెలియాలంటే ముందు బీరువాలో ఉన్నవి లెక్కపెట్టాలి.

నేను ఒక ఉగాదికి ముందు రోజు మొత్తం చీరలు మంచం మీద పోసి లెక్కపెట్టాను. 118 తేలాయి. అందులో నేను డబ్బు పెట్టి కొన్నవి 41. ఎవరో ఒకరు పెట్టినవి 64. మిగిలిన 13 ఎలా వచ్చాయో నాకు గుర్తు లేదు. ఇంకో లెక్క కూడా తీశాను, అసలు విషయం అందులోనే ఉంది. ఈ 118లో ఇవాళ నాకు సరిపోయే జాకెట్టు ఉన్నవి ఎన్ని? 29.

చీరకి సైజు లేదు. అయిదున్నర మీటర్ల గుడ్డ, ఇరవై ఏళ్లప్పుడూ సరిపోతుంది, అరవై ఏళ్లప్పుడూ సరిపోతుంది. అందుకే చీర ఎప్పటికీ పనికొస్తుందన్న భ్రమలో ఉంటాం. పాడయ్యేది చీర కాదు, దాని జాకెట్టు. టైలరు లోపల వదిలిన కుట్లు రెండు విప్పుకుంటూ పోతే నాలుగైదేళ్లు లాగుతుంది, తరవాత ఆ చీర ఉన్నా లేనట్టే. కొత్తగా వచ్చిన చీర సంగతీ ఇంతే. పెట్టుబడి చీర, అంటే ఫంక్షన్లలో బొట్టు పెట్టి చేతిలో పెట్టేది, ఒకటి 450 రూపాయలది అనుకుందాం. అది కట్టుకోవాలంటే ఫాల్, జిగ్‌జాగ్‌కి మా వీధిలో 130, లైనింగు గుడ్డ 90, కుట్టుకూలి 350. ఊరికే వచ్చిన చీర ఒంటి మీదకి రావాలంటే 570 రూపాయలు ఖర్చు. అంత పెట్టి ఇష్టం లేని రంగు ఎవరు కట్టుకుంటారు? అందుకే అది కవరులోనే ఉండిపోతుంది, ఇంకొకరి ఫంక్షన్ కోసం ఎదురుచూస్తూ. ఎవరిదీ తప్పు కాదు. లెక్క చూసుకుంటే అలా చేయడమే లాభం మరి.

మగవాళ్లు ఇది చదివి నవ్వుకోనక్కర్లేదు. ప్రతి మగవాడి అరలోనూ అట్టపెట్టెల్లో ప్యాంటు, షర్టు బిట్లు నాలుగైదు ఉంటాయి. కుట్టుకూలి గుడ్డ ధరని ఎప్పుడో దాటేసింది, రెడీమేడ్ దానికంటే చవక. మావారి పెళ్లినాటి సఫారీ బిట్ ఒకటి ఇంకా మా ఇంట్లోనే ఉంది. సఫారీలు కుట్టే మాస్టారు మాత్రం ఇప్పుడు లేరు.

లెక్క తేలాక ఏడాది పాటు ఒక్క చీర కూడా కొనకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నిలబెట్టుకున్నాను కూడా. మళ్లీ ఉగాదికి లెక్కపెడితే 129. ఏడాదిలో పదహారు వచ్చాయి, అయిదు బయటికి వెళ్లాయి. కొనడం మానేసిన ఏడాదిలో పదకొండు చీరలు పెరిగాయన్నమాట.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది వెంటనే తట్టాలి, నాకు ఏడాది పట్టింది. పంట కాలవ ఒక్కటే ఉంటే చేను బతకదు. పక్కన మురుగు కాలవ కూడా ఉండాలి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టింది 1847, 1852 మధ్య, ఆ కాలవల వల్లే ఇక్కడ రెండు పంటలు పండాయని అందరం చెప్పుకుంటాం. వానల్లో చేలు మునిగినప్పుడు మాత్రం రైతు తిట్టేది మురుగు కాలవనే. దాంట్లో గుర్రపుడెక్క పట్టేసి, పూడిక పేరుకుపోయి, నీరు లాగదు. బీరువాకి కూడా లోపలికి వచ్చే బోదెలు, అంటే పిల్ల కాలవలు, ఎన్ని ఉన్నాయో, బయటికి పోయే దారులు ఏమయ్యాయో చూడాలి.

వచ్చే దారులు ఒకప్పుడు పంటని బట్టి ఉండేవి. సార్వా ధాన్యం అమ్మిన డబ్బులతో సంక్రాంతికి బట్టలు. ఒకే తానులో చింపి అన్నదమ్ములందరికీ చొక్కాలు, ఆడపిల్లలకి గౌన్లు కుట్టించేవారు. తరవాత ఏ పెళ్లో వస్తే ఒక జత. ఇప్పుడు ఏ నెలకి ఆ నెల ఒక సాకు ఉంది. ఆషాఢం సేల్ సంగతే చూడండి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పెళ్లి బట్టల బేరం ఉండదు. శ్రావణానికి కొత్త సరుకు దింపాలంటే పాతది ఖాళీ చేయాలి. షాపువాడికి అది గోడౌన్ ఖాళీ చేసుకునే నెల. ఆ గోడౌన్ వచ్చి మన ఇంట్లో చేరుతుంది. కిలో లెక్కన చీరలు అమ్మే చోట నేను కూడా క్యూలో నిలబడ్డాను, అదీ చెప్పాలి. వంకాయలు ఏరుకున్నంత శ్రద్ధగా ఏరుకున్నాను. వాటిలో ఒక్కటీ ఇప్పుడు కట్టుకోవడం లేదు.

ఫోను వచ్చాక నెలలు కూడా పోయాయి. రాత్రి తొమ్మిదింటికి లైవ్‌లో ఒకమ్మాయి చీర కొంగు పరిచి చూపించి 'సింగిల్ పీస్ అండీ, కావాలంటే స్క్రీన్‌షాట్ పెట్టండి' అంటుంది. ఆ కంగారులో మన దగ్గర అదే రంగు ఉందో లేదో ఎవరు చూస్తారు? నేను చేసిన చిన్న పని ఏంటంటే, ఉన్న చీరలన్నిటికీ ఫోటోలు తీసి ఫోన్లో ఒక ఆల్బంలో పెట్టుకున్నాను. లైవ్‌లో మనసు పడ్డప్పుడు ముందు ఆ ఆల్బం తెరుస్తాను. మెరూన్ రంగువి నా దగ్గర తొమ్మిది ఉన్నాయని అలాగే తెలిసింది.

ఒక వస్తువు ఇంకో వస్తువుని లాక్కొస్తుంది కూడా. 18వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత దిదెరోకి ఎవరో మంచి అంగీ బహుమతిగా ఇచ్చారట. దాని ముందు గదిలో మిగతావన్నీ వెలవెలబోతే ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోయానని, పాత అంగీకి యజమానిగా ఉన్నవాణ్ని కొత్తదానికి బానిసనయ్యానని ఆయనే రాసుకున్నాడు. దాన్ని పట్టుకుని 1988లో గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త ఈ జబ్బుకి దిదెరో ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. మనకి అంగీ అక్కర్లేదు. ఒక నెమలికంఠం రంగు పట్టుచీర చాలు. దానికి మగ్గం వర్కు జాకెట్టు, ఆ వర్కుకి మ్యాచింగ్ గాజులు, అలా పోతూనే ఉంటుంది.

కానీ పెద్ద బోదె ఇవేవీ కాదు, పెట్టుపోతలు. మా అమ్మ కాలంలోనూ పెట్టేవారు. అయితే అప్పుడు నలుగురికో అయిదుగురికో పెట్టేవారు, అదీ నూలు చీర, తీసుకున్నవాళ్లు కట్టుకునేవారు. సూరత్ మిల్లుల సింథటిక్ చీరలు వచ్చాక ధర పడిపోయింది. చీర చవకయ్యేకొద్దీ, పెట్టాల్సినవాళ్ల జాబితా పొడుగయ్యింది. రాజమండ్రి తాడితోటలోనో ద్వారపూడిలోనో ఒక బేల్ తెచ్చేస్తే ఫంక్షన్‌కి వచ్చిన ఆడవాళ్లందరికీ సరిపోతుంది. తరవాత చదివింపుల పుస్తకం ఉండనే ఉంది. వాళ్లు మనకి పెట్టారు కాబట్టి మనం వాళ్లకి పెట్టాలి. ఇద్దరికీ అక్కర్లేని వస్తువు ఇద్దరి డబ్బుతో తిరుగుతూ ఉంటుంది. శ్రావణ శుక్రవారాల జాకెట్టు ముక్కలది ఇదే కథ, కాకపోతే చిన్న సైజు. మా ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా నిండా 46 ఉన్నాయి. వాటికి చీరలు లేవు. చీరలకేమో జాకెట్లు లేవు.

ఇక బయటికి పోయే దారులు. ఇక్కడే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగింది. చీర పాతబడితే ఏమయ్యేదో గుర్తు చేసుకోండి. ముందు ఇంట్లో కట్టుకునే చీర అయ్యేది. తరవాత పురిటింట్లో పొత్తిగుడ్డలు, ఉయ్యాల. నాలుగు మడతలేసి కుట్టిస్తే బొంత. ఇడ్లీ రేకుల మీద గుడ్డ, పొయ్యి దగ్గర మసిగుడ్డ. ఎండాకాలంలో డాబా మీద వడియాలు పెట్టేది కూడా పాత నూలు చీర మీదే. ఎండాక గుడ్డని తిరగేసి వెనక నీళ్లు చిలకరిస్తే తడి లోపలికి దిగి వడియాలు ఒక్కొక్కటీ ఊడొస్తాయి. ఇదే పని నేను ఒకసారి పాలిస్టర్ చీర మీద చేశాను. ఎన్ని నీళ్లు జల్లినా పూసల్లా జారిపోయాయి తప్ప లోపలికి దిగలేదు. చివరికి అట్లకాడతో గీకితే సగం విరిగాయి.

దీనికి కారణం చాలా సాదాసీదాది. మామూలు గాలిలో ఉంచినా నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టుకుంటుంది. పాలిస్టర్ పట్టుకునేది అర శాతం కూడా ఉండదు. అది పెట్రోలియం నుంచి తీసిన ప్లాస్టిక్ దారం, నీటిని తాగదు. చెమట తాగదు కాబట్టి మా ఉక్కపోతలో ఒంటి మీద హాయిగా ఉండదు, తడి తాగదు కాబట్టి పాతబడ్డాక మసిగుడ్డకీ పనికిరాదు, పసిపిల్లల కిందకీ పనికిరాదు. అంత తేలిగ్గా చిరగదు, వెలవదు, మట్టిలో కలవదు. ఎంతకాలమైనా మన్నుతుందని మనం మెచ్చుకుని కొన్న గుణమే చివరికి దాని దారులన్నీ మూసేసింది.

స్టీలు సామాన్ల ఆవిడ ఇప్పటికీ వస్తుంది. ఒకప్పుడు మూట చూసి బేసిన్ ఇచ్చేది. ఇప్పుడు జరీ చీరలు, జీన్ ప్యాంట్లు ఏరుకుని మిగతావి కాలితో పక్కకి తోసేస్తోంది, 'ఇవన్నీ ఎవరు కడతారమ్మా' అని. రీసైక్లింగ్ ఉందిగా అంటారు. ఉంది, హర్యానాలోని పానిపట్‌లో పాత ఉన్ని, యాక్రిలిక్ బట్టలు చింపి మళ్లీ దారం తీసి దుప్పట్లు నేస్తారు. కానీ బట్ట నుంచి మళ్లీ కట్టుకునే బట్ట తయారవడం చాలా అరుదు. ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద అలా మారేది ఒక శాతం కంటే తక్కువ. నూలు, పాలిస్టర్ కలిపి నేసిన గుడ్డని విడదీయడం ఇంకా కష్టం. పేదవాళ్లకి ఇచ్చేద్దాం అన్నది మరో మాట. పనిమనిషి బీరువా మాత్రం ఖాళీగా ఉందా? ఆవిడకీ పెట్టుబడి చీరలు వస్తూనే ఉన్నాయి, మనలాగే. మా లాకుల దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకున్న ఒక గులాబీరంగు చీరని రెండు నెలలు చూశాను. డెక్క ఎండి రంగు మారింది గానీ చీర రంగు మారలేదు.

అయితే ఎన్ని ఉంచుకోవాలి? బయట వినబడే అంకెల్లో పేరున్నది 33. అమెరికాలో కోర్ట్నీ కార్వర్ అనే ఆవిడ 2010లో మొదలుపెట్టింది. చెప్పులు, నగలతో కలిపి 33 వస్తువులతో మూడు నెలలు గడపాలి. అంతకుముందు 1970లలో లండన్‌లో బట్టల షాపు నడిపిన సూజీ ఫాక్స్ పుణ్యమా అని ఒకదానితో ఒకటి కలిసే కొద్దిపాటి బట్టలు చాలన్న ఆలోచన ప్రచారంలోకి వచ్చింది. ఆలోచన మంచిదే. కానీ అది చలికాలం కోట్లూ, ఎండాకాలం గౌన్లూ మార్చుకునే దేశాల లెక్క. మనకి చలి కోట్ల గొడవ లేదు, ఏడాది పొడుగునా ఒకే రకం బట్టలు. ఆ మేరకు మనకి తక్కువే చాలు. కానీ ఇక్కడ రోజూ చెమట, రోజూ ఉతుకు. పైగా ముసురు పట్టినప్పుడు తాడు మీద వేసిన లంగా మూడో రోజుకీ ఆరదు, చెమ్మ వాసన వస్తుంది.

అందుకని రోజువారీ బట్టలకి నా సూత్రం ఇది. ఎన్ని రోజులకోసారి ఉతుకుతారో, వానాకాలంలో ఆరడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఇస్త్రీ బండి నుంచి ఎన్నాళ్లకి తిరిగొస్తాయో, ఆ మూడూ కూడి ఒకటో రెండో కలుపుకోవాలి. మా ఇంట్లో రెండు, మూడు, రెండు. మొత్తం ఏడు, కలుపుకుంటే ఎనిమిది. ఉద్యోగానికి ఎనిమిది నూలు చీరలు. వానాకాలానికి లెక్క కడితే ఎండాకాలానికి ఎలాగూ సరిపోతుంది, ఎండాకాలం లెక్క వానల్లో సరిపోదు. పెళ్లిళ్లకి కట్టుకునేవి వేరే లెక్క. వాటికి రోజూ ఉతుకుడు లేదు కాబట్టి జాకెట్టు సరిపోయేవి ఆరు ఉంటే చాలు. ఏ పెళ్లికి ఏది కట్టానో నాకే గుర్తుండదు, చూసినవాళ్లకి ఏం గుర్తుంటుంది?

పట్టుచీరల గురించి ఒక్క మాట. దాచితే భద్రం అనుకుంటాం గానీ ఒకే మడతలో ఏళ్లు ఉంచితే జరీ ఆ గీత వెంబడే చిట్లుతుంది. జాకెట్టుని చీర మడతలోనే పెడితే మా గోదారి గాలికి దాని హుక్కులు తుప్పు పట్టి, చీర మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. నా పెళ్లి చీరకి అలా నాలుగు మచ్చలున్నాయి, వరసగా, హుక్కుల దూరంలో. పాత నూలు పంచెలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి. అరవై చీరలకి ఆ పని ఎవరు చేస్తారు? ఆరింటికైతే చేయొచ్చు.

ఇలా తగ్గించేస్తే నేతగాళ్ల గతేంటి అని మా తోటికోడలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. మన చుట్టూ బండారులంక, అంగర, పులుగుర్త, అటు ఉప్పాడ, అన్నీ మగ్గాల ఊళ్లే. ఉప్పాడ జామ్‌దానీకి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. డిజైను ఎక్కువున్న చీర అయితే ఇద్దరు కూర్చుని వారాల తరబడి నేస్తారు. కానీ మనం పెట్టే 450 రూపాయల చీర ఆ మగ్గాల మీద పుట్టింది కాదే. అది మిల్లు నుంచి బేల్‌లో వచ్చింది. అలాంటివి పది మానేస్తే 4500 మిగులుతుంది, ఆ డబ్బుతో బండారులంకలో రెండు నూలు చీరలు వస్తాయి. అవి గంజి పెట్టుకుని అయిదేళ్లు కట్టుకుని, తరవాత వడియాలు పెట్టుకోవచ్చు.

అసలు కష్టం అత్తయ్యగారి దగ్గర వచ్చింది. పెట్టుబడి చీరలు ఆపేద్దాం అనగానే ఆవిడ అడిగిన మొదటి మాట: 'ఆడపడుచుకి పుట్టింటి చీర కూడా పెట్టవా అమ్మాయ్?' ఆవిడ కోపంలో నిజం ఉంది. పుట్టింటి చీర గుడ్డ కాదు, ఆ ఇంట్లో ఇంకా తనకి చోటుందన్న మాట. దాన్ని ఖర్చు కింద కొట్టేస్తే మర్యాద కాదు, అది బంధం తెంచుకోవడమే. ఫంక్షన్‌కి వచ్చిన ప్రతివాళ్లకీ బేల్‌లోంచి తీసి ఇచ్చే చీరకీ దీనికీ పోలిక లేదు. నేను రెండిటినీ ఒకే గాటన కట్టడమే పొరపాటు. మా అయిదు కుటుంబాల ఆడవాళ్లం సంక్రాంతికి కలిసినప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం. పుట్టింటి చీర ఉంటుంది, ఏడాదికి ఒకటే, అడిగి రంగు తెలుసుకుని నూలుదో పట్టుదో మగ్గం చీర పెట్టాలి. మిగతా ఫంక్షన్లకి మనలో మనకి చీరలు లేవు, తాంబూలంలో డబ్బు. అయిదు ఇళ్లూ ఒకేసారి ఒప్పుకోబట్టి కుదిరింది. ఒక్కరే ఆపితే పిసినారి అంటారు.

ఆ తరవాతి ఏడాది మా ఇంటికి వచ్చినవి ఆరు. వాటిలో వేమగిరి పిన్ని చీర ఒకటి, ఆలమూరు వాళ్లు మా ఒప్పందంలో లేరు కదా.

ఇప్పుడు కొత్త టెన్షన్. 2027లో గోదావరి పుష్కరాలు. 2015 జులైలో వచ్చినప్పుడు మా ఇంట్లో దిగిన చుట్టాల్లో ఆడవాళ్లకి ఇరవై మూడు చీరలు పెట్టాం. అత్తయ్యగారు అప్పుడే జాబితా మొదలుపెట్టారు. స్నానానికి వచ్చేవాళ్లకి అంగర నేత తువ్వాళ్లు పెడదాం, రేవులో ఒళ్లు తుడుచుకోవడానికైనా పనికొస్తాయి అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించారు.

'ఆడమనిషికి బొట్టు పెట్టి తువ్వాలు చేతిలో పెడతామా? ఏం బాగుంటుంది?' అన్నారు. తరవాత ఆవిడే, 'పోనీ, తువ్వాలు మీద ఒక జాకెట్టు ముక్క పెట్టి ఇద్దాం' అన్నారు.

బిస్కెట్ల డబ్బా ఎక్కడుందో ఆవిడకి తెలుసు.